జేబు నోట్‌బుక్కుకి తోలు కవరు: ఇంట్లో చేత్తో ఎలా కుట్టుకోవాలి?

జేబులో పెట్టుకునే చిన్న నోట్‌బుక్కు రెండు వారాలకే మూలలు మడతపడి, చెమటకి అట్ట మెత్తబడి, పిన్నుల దగ్గర పేజీలు ఊడిపోవడం మొదలుపెడుతుంది. దానికి ఒక తోలు కవరు కుట్టుకుంటే పుస్తకం అయిపోయినప్పుడల్లా లోపలిది మార్చుకోవచ్చు, కవరు మాత్రం ఏళ్ల తరబడి ఉంటుంది. నేను కుట్టుకున్న వాటిలో ఒకటి ఆరేళ్లుగా నా ప్యాంటు జేబులో ఉంది. మొదట బిస్కెట్ రంగులో ఉండేది, చెయ్యి తగిలి తగిలి ఇప్పుడు పాత టేకు కుర్చీ చేతిలా ముదురు రంగుకి తిరిగింది. ఆ రంగంటే నాకు చాలా ఇష్టం, ఏ షాపులోనూ అది దొరకదు.

కుట్టుమిషను అక్కర్లేదు. శనివారం సాయంత్రం కొలతలు, కోత, ఆదివారం కుట్టు. అంతే పని.

ముందు తోలు సంగతి

దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే తోలు తప్పు కొంటే తర్వాత ఎంత జాగ్రత్తగా కుట్టినా లాభం లేదు. బజారులో దొరికే తోలులో ఎక్కువ భాగం క్రోమియం ఉప్పుతో ఊనినదే (ఊనడం అంటే పచ్చి తోలు కుళ్లకుండా పదును చేయడం). అది త్వరగా తయారవుతుంది, మెత్తగా ఉంటుంది, బ్యాగులకీ జాకెట్లకీ బాగుంటుంది. కానీ దాని అంచుని ఎంత రుద్దినా మెరుపు రాదు, మడిచిన మడత నిలవదు. మనకి కావాల్సింది చెట్ల బెరడుతో ఊనిన తోలు. షాపులో వెజ్ టాన్ అని అడగండి.

ఇది మనకి కొత్తది కాదు. మన ఊళ్లలో తోళ్లు ఊనే గుంటని లంద అనేవాళ్లు. అందులో తంగేడు చెక్క, కరక్కాయ వేసి ఆ నీళ్లలో తోళ్లని రోజుల తరబడి నానబెట్టేవాళ్లు. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వుందే, ఆ మొక్క బెరడే ఇది. మద్రాసు వైపు ఇదే బెరడుతో ఊనిన తోళ్లు బ్రిటిష్ కాలంలో ఓడలెక్కి లండన్ దాకా వెళ్లేవి, అలా ఈస్ట్ ఇండియా తోలు అని పేరుపడింది. ఇప్పుడు దానికి ఈఐ లెదర్ పేరుతో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా ఉంది. ఆ పనిని తరతరాలుగా చేసిన వాళ్లకి దక్కాల్సిన గౌరవం మాత్రం దక్కలేదు, తోలు ముక్క చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ నాకు అది గుర్తొస్తుంది.

షాపులో రెండు పరీక్షలు చేయండి. కోసిన అంచు చూడండి: లోపల మధ్యలో నీలం కలిసిన బూడిద రంగు గీతలా కనిపిస్తే చాలావరకు అది క్రోమ్ తోలు, ఈ చివర నుంచి ఆ చివర దాకా గోధుమ రంగే ఉంటే బెరడు తోలు. రెండోది, రంగు వేయని ముక్క మీద వేలితో ఒక నీటి చుక్క రాయండి, బెరడు తోలు దాన్ని పీల్చుకుని అక్కడికక్కడే నల్లబడుతుంది, ఆరాక మళ్లీ మామూలు రంగుకి దగ్గరగా వస్తుంది. పైన ప్లాస్టిక్ పూత ఉన్న తోలు మీద చుక్క అలాగే నిలబడుతుంది, అది వద్దు.

మందం 1.2 నుంచి 1.5 మి.మీ. ఉంటే కవరుకి సరిపోతుంది. 2 మి.మీ. తోలు చేతిలో పట్టుకుంటే గట్టిగా బాగుందనిపిస్తుంది కానీ మడిచాక జేబులో ఇటుకలా ఉంటుంది, మొదటిసారి కుట్టేవాళ్లకి అసలు వద్దు. లోపలి జేబులకి 1 మి.మీ. దొరికితే ఇంకా మంచిది, దొరక్కపోతే అంతా 1.2 మి.మీ.లోనే కానిచ్చేయండి. ఆవు తోలైనా గేదె తోలైనా పర్వాలేదు. పొట్ట భాగం తోలు మాత్రం తీసుకోవద్దు, రెండు చేతులతో లాగితే సాగుతుంది, నాలుగు నెలలకి కవరు వదులైపోతుంది. వీపు భాగం అడగండి.

తోలు చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు, మనకి దాదాపు అర అడుగే పడుతుంది. ఒక కవరు కోసం పెద్ద తోలు కొనకండి. చెన్నైలో పెరియమేట్ లాంటి తోలు బజార్లలో తుక్కు ముక్కలు విడిగా దొరుకుతాయి, ఆన్‌లైన్‌లో కూడా చిన్న ముక్కలు అమ్ముతున్నారు.

కొలతలు

జేబు నోట్‌బుక్కులన్నీ ఒకే సైజు కావు. ఏ6 అంటే 105 × 148 మి.మీ. అమెరికాలో ఫీల్డ్ నోట్స్ వాళ్లు అమ్మే 48 పేజీల పుస్తకం మూడున్నర అంగుళాల వెడల్పు, అయిదున్నర అంగుళాల పొడవు, అంటే దాదాపు 90 × 140 మి.మీ. మన స్టేషనరీ షాపుల్లో దొరికేవి వీటి చుట్టుపక్కలే ఉంటాయి. నేను 90 × 140 లెక్కతో చెబుతాను, మీ పుస్తకాన్ని బట్టి మార్చుకోండి.

వెడల్పు: ముందు అట్ట 90, వెనక అట్ట 90, పుస్తకం మందం 4, కలిపి 184. రెండు పక్కలా కుట్టుకి చెరో 4, అంటే 192. కవరు మూసినప్పుడు తోలు పుస్తకం వీపు చుట్టూ తిరగాలి, ఆ వంపు కొంత తోలుని తినేస్తుంది, దానికీ కాస్త వదులుకీ కలిపి 8. మొత్తం 200. ఎత్తు: 140, పైనా కిందా కుట్టుకి 4 చొప్పున, వదులుకి 2 చొప్పున, మొత్తం 152. లోపలి జేబులు రెండు, ఒక్కొక్కటి 55 × 152.

ఆ 8 మి.మీ. దగ్గర పిసినారితనం చూపించొద్దు. నా మొదటి కవరుకి నేను వంపు లెక్కే వేసుకోలేదు, బల్ల మీద తెరిచి పెట్టి కొలిచాను, అన్నీ సరిగ్గా సరిపోయాయి. కుట్టంతా అయిపోయి పుస్తకం దూర్చి మూస్తే మూతపడలేదు, లోపల అట్ట విల్లులా వంగింది. నాలుగు గంటల కుట్టు, మంచి తోలు, రెండూ పోయాయి. అప్పట్నుంచి ముందు కాగితంతో చేస్తాను: పాత క్యాలెండరు అట్ట లాంటి మందమైన కాగితం మీద మూడు ముక్కలూ గీసి, కత్తిరించి, అంచులకి టేపు అంటించి, పుస్తకం దూర్చి, మూసి, జేబులో పెట్టి చూస్తాను. పది నిమిషాల పని. కాగితం కవరు సుఖంగా మూతపడ్డాకే తోలు ముట్టుకోండి.

కోత

కాగితం నమూనాని తోలు నున్నటి వైపు మీద పెట్టి, పెన్ను కాకుండా సూది మొనతో సన్నగా గీయండి. పెన్ను గీత పోదు. స్టీలు స్కేలు, కొత్త బ్లేడు వేసిన పేపర్ కట్టర్, కింద పాత వినైల్ మ్యాటు ముక్క. కట్టర్‌ని నిటారుగా పట్టుకుని ఒకే చోట మూడు నాలుగు సార్లు తేలికగా లాగండి. ఒక్క దెబ్బకి తెగాలని గట్టిగా నొక్కితే బ్లేడు పక్కకి పోతుంది, స్కేలు జరుగుతుంది, వేళ్లు తెగుతాయి. చెప్పులు కుట్టేవాళ్లు ఇదంతా రంపె అనే తోలు కత్తితో ఒక్క లాగులో కోసేస్తారు, అది ఏళ్ల సాధన, మనం కట్టరే వాడదాం. మూలలు కొంచెం గుండ్రంగా తీస్తే మంచిది, రూపాయి బిళ్ల పెట్టి గీయండి. సూటి మూలలు జేబుకి రాసుకుని ముందుగా పాడయ్యేవి అవే.

మడత పెట్టడం

పెద్ద ముక్క మధ్యలో, గరుకు వైపున, వేలి వెడల్పున తడి స్పాంజితో అద్దండి. కారేంత తడి వద్దు. పాత నోట్‌బుక్కు ఒకటి పాలిథిన్ కవరులో చుట్టి, దాని చుట్టూ తోలుని మడిచి, బరువైన పుస్తకాల కింద రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకి ఆ వంపు అలాగే నిలిచిపోతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. తడి తోలుకి ఇనుము తగలనివ్వకండి, క్లిప్పులు గానీ ఇనప బరువులు గానీ పెట్టొద్దు. తగిలిన చోట నల్ల మచ్చ పడుతుంది, అది పోదు. బెరడులో ఉండే టానిన్ ఇనుముతో కలిస్తే నలుపు పుడుతుంది. కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద, బెల్లంతో తుప్పు ఇనుము ఊరబెట్టిన నీళ్లతో గీస్తే గీత నల్లగా తేలేది కూడా ఇందుకే. గుడ్డ మీద అది అందం, మన కవరు మీద మాత్రం మచ్చ.

అతికించడం

జేబు ముక్కలకి పుస్తకం వీపు వైపు ఉండే అంచుని అతికించకముందే నున్నగా చేసేయండి, తర్వాత చెయ్యి దూరదు. (ఎలాగో కింద అంచుల దగ్గర చెప్పాను.) తర్వాత చెప్పులకి వాడే పసుపు రంగు గమ్ము, చాలాచోట్ల సొల్యూషన్ అంటారు, దాన్ని పెద్ద ముక్క గరుకు వైపున, జేబు ముక్క గరుకు వైపున, మూడు అంచుల వెంట 4 మి.మీ. వెడల్పున పల్చగా రాయండి. అంతకంటే లోపలికి పోతే పుస్తకం అట్టకి చోటు తగ్గుతుంది. పది పదిహేను నిమిషాలు ఆరనిచ్చి, వేలికి అంటీ అంటనట్టు ఉన్నప్పుడు రెండూ కలిపి గట్టిగా నొక్కండి. కిటికీలు తీసి ఉంచండి, ఆ వాసన తలకెక్కుతుంది.

కుట్టు

కంపాస్ బాక్సులోని డివైడర్‌ని 3 మి.మీ.కి తెరిచి, ఒక కాలు అంచు వెంట నడిపిస్తూ, రెండో కాలుతో కవరు బయటి వైపున గీత పెట్టండి. ఆ గీత మీద 4 మి.మీ.కి ఒక రంధ్రం. దీనికి పళ్లున్న ఉలి అమ్ముతారు, కానీ ఒక కవరు కోసం కొనక్కర్లేదు. పిల్లల లెక్కల గ్రాఫు పేపరు పట్టీ గీత వెంట టేపుతో అంటించి, నాలుగు గళ్లకి ఒకసారి సూదితో గుచ్చితే గుర్తులు సమానంగా వస్తాయి. తర్వాత కింద చెక్క పెట్టి, ఆరెతో (చెప్పులు కుట్టేవాళ్లు రంధ్రాలు పొడిచే పనిముట్టు) గానీ మొన సానబట్టిన సన్న మేకుతో గానీ నిటారుగా పొడవండి. మేకు వంగితే వెనక వైపు కుట్టు పాములా మెలికలు తిరుగుతుంది, అందుకని ప్రతి రంధ్రానికీ ఒకసారి వెనక్కి తిప్పి చూసుకోండి.

మైనం పట్టించిన 0.8 మి.మీ. పాలిస్టర్ దారం, రెండు సూదులు. సూదుల మొనలు ఎమరీ కాగితం మీద రుద్ది మొద్దు చేయండి, లేకపోతే అవి దారాన్నే చీలుస్తాయి. కుట్టు పొడవుకి నాలుగింతల దారం కావాలి: ఒక జేబుకి మూడు అంచులు కలిపి దాదాపు 26 సెం.మీ., కాబట్టి సూదుల దగ్గర పట్టుకోడానికి మిగులుతో కలిపి మీటరుంబావు. దారం రెండు కొసలకీ చెరో సూది ఎక్కించండి. రెండు ప్లైవుడ్ ముక్కల మధ్య కవరుని పెట్టి మోకాళ్లతో నొక్కి పట్టుకుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి.

మొదటి రంధ్రంలోంచి ఒక సూది తీసి దారాన్ని రెండు వైపులా సమానం చేయండి. ఇప్పుడు ఎడమ సూదిని తర్వాతి రంధ్రంలోంచి కుడికి తీయండి, అదే రంధ్రంలోంచి కుడి సూదిని ఎడమకి పంపండి, ఆ దారాన్ని గుచ్చకుండా పక్కనుంచి. రెండు చేతులతో ఒకేసారి లాగి బిగించండి, తోలు ముడుచుకునేంత కాదు. ప్రతి రంధ్రంలోనూ ఇదే వరస, ముందు ఎడమ, తర్వాత కుడి. ఒక్కసారి వరస మారినా కుట్టు వాలు మారిపోయి దూరం నుంచే తెలుస్తుంది. మొదటి ఇరవై కుట్లు విసుగ్గా ఉంటాయి, తర్వాత చేతులకి లయ దొరుకుతుంది, అప్పుడు ఆపబుద్ధి కాదు.

మిషను కుట్టులో ఒక దారం తెగితే వరసంతా ఊడిరావచ్చు. ఈ కుట్టులో రెండు దారాలూ ప్రతి రంధ్రంలోంచీ వెళ్తాయి కాబట్టి ఒకటి తెగినా రెండోది పట్టి ఉంచుతుంది, అందుకే గుర్రపు జీనులు ఇలా కుట్టేవాళ్లు. జేబు మొదలయ్యే చోట, చివరి చోట రెండేసి సార్లు కుట్టండి, పుస్తకం దూర్చేటప్పుడు బలమంతా అక్కడే పడుతుంది. చివర్లో రెండు రంధ్రాలు వెనక్కి కుట్టి, దారాన్ని అంచు దగ్గరగా కోసి, వెలుగుతున్న అగరుబత్తి కొసతో తాకించండి. పాలిస్టర్ కరిగి గట్టిపడుతుంది, లైటరు మంటైతే తోలు కమిలిపోతుంది.

అంచులు

ఓపికగా చేయాల్సిన పని ఇదే. 220 నంబరు ఎమరీతో మొదలుపెట్టి 400, 600 దాకా రుద్ది, రెండు పొరలూ ఒకటయ్యాయనిపించాక వేలితో కొంచెం నీళ్లు అద్ది, మందమైన నూలు గుడ్డతో వేగంగా రాయండి. వేడికి అంచు నల్లబడి గాజులా మెరుస్తుంది. ఆ మీద తేనెమైనం కొంచెం రుద్ది మళ్లీ గుడ్డతో రాయండి. నలభై నిమిషాలు పడుతుంది, పట్టనివ్వండి.

పుస్తకం ఎక్కించేటప్పుడు రెండు అట్టల్నీ వెనక్కి వంచి ఒకేసారి జేబుల్లోకి జార్చండి, ఒకటి పూర్తిగా దూర్చాక రెండోది పట్టదు. మొదటి వారం బిగువుగానే ఉంటుంది.

నూనె ఎక్కువ పట్టించకండి. తోలు పొడిగా, తెల్లగా పాలిపోయినట్టు కనిపిస్తేనే వేలి కొసంత రాసి గుడ్డతో తుడిచేయాలి. వానాకాలంలో, ముఖ్యంగా విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో, తోలుకి తెల్లగా బూజు పడుతుంది. కంగారు అక్కర్లేదు, పొడి గుడ్డతో బయట తుడిచి, గాలి తగిలే నీడలో రెండు రోజులు తెరిచి పెట్టండి. వాడని కవరుని ప్లాస్టిక్ సంచిలో మాత్రం దాచొద్దు, పాత నూలు పంచె ముక్కలో చుట్టి పెట్టండి.