కుర్చీ దిగిపోతోందా? సిలిండరు కొనే ముందు లీవరు చూడండి

కూర్చున్న మనిషితో సహా ఆఫీసు కుర్చీ మెల్లగా కిందికి దిగిపోతున్నదంటే చాలు, "హైడ్రాలిక్ పోయింది" అని తేల్చేసి కొత్త సిలిండరు (సీటును మోసే నిలువు గొట్టం) కొనుక్కు వచ్చేయడం అందరికీ అలవాటైపోయింది. విశాఖపట్నంలో ఎన్నో ఏళ్లుగా ఈ కుర్చీలను బాగుచేస్తున్న నేను, లోపమే లేని సిలిండరును పీకి పారేసి, కొత్తదానికి డబ్బు పోసి, పది రోజులకు మళ్లీ అదే కుర్చీని మోసుకొచ్చినవారిని ఎందరినో చూశాను. ఒక్క చిన్న పరీక్ష ముందే చేసి ఉంటే వారికి ఆ ఖర్చు తప్పేది. చక్రాలు ఊడదీయడం, సీటు బోల్టులు విప్పడం మీకు తెలుసుననే నమ్మకంతో అసలు విషయానికి వస్తున్నాను.

పేరుకు హైడ్రాలిక్ అంటామే గాని కుర్చీని పైకి లేపేది నూనె కాదు, గొట్టంలో అధిక పీడనంతో నింపిన నత్రజని వాయువు. లోపలి పిస్టనుకు రెండు వైపులా ఆ వాయువే ఉంటుంది, ఆ రెండు గదులకు మధ్య ఒక చిన్న వాల్వు ఉంటుంది. మీరు లీవరును పైకి లాగినప్పుడు దాని లోపలి చివరనున్న నాలుకలాంటి ఇనుప రేకు, సిలిండరు తలపైనున్న బొడిపెను నొక్కుతుంది. వాల్వు తెరుచుకుని వాయువు ఒక గది నుంచి మరో గదిలోకి పోతుంది. లీవరు వదలగానే వాల్వు మూసుకుని కుర్చీ ఆ ఎత్తులోనే నిలబడుతుంది. కాబట్టి లోపల వాయువును ఆపే సీలు అరిగినా, బయట ఆ బొడిపె ఎప్పుడూ కొంచెం నొక్కుకుని ఉన్నా, కూర్చున్నవారికి తెలిసే లక్షణం ఒక్కటే: కుర్చీ దిగిపోతుంది.

లక్షణాన్ని బట్టి ఎక్కడ చూడాలి

కుర్చీ పూర్తిగా దిగిపోయాక లేచి పక్కన నిలబడండి. లీవరును ఎవరూ ముట్టుకోకుండానే ఖాళీ కుర్చీ చకచకా పైకి వచ్చేస్తే వాయువు నిక్షేపంగా ఉన్నట్టు, వాల్వు మాత్రం మూసుకోవడం లేదన్నట్టు. అప్పుడు మొదట లీవరునే అనుమానించాలి. లీవరు లాగినా, చివరికి స్క్రూడ్రైవరుతో బొడిపెను నేరుగా నొక్కినా ఖాళీ కుర్చీ కదలకపోతే వాయువు బయటికి పోయినట్టే, ఆ సిలిండరు మార్చక తప్పదు. బొడిపెను నేరుగా నొక్కితే లేస్తుంది, లీవరు లాగితే మాత్రం లేవదంటే, రేకు వంగిపోయి బొడిపెకు అందడం లేదు. రేకును సరిచేస్తే సరిపోతుంది.

వీటి మధ్య నలిగేది నాలుగో రకం. లీవరు లాగితే చక్కగా పైకి వస్తుంది, కూర్చుంటే కాసేపు నిలుస్తుంది, అరగంటకో గంటకో బల్ల అంచు గుండెల దగ్గరికి వస్తుంది. ఇది సీలు అరుగుదల కావచ్చు, రేకు బొడిపెను రాసుకుంటూ ఉండడం కావచ్చు. పైకి చూసి ఎవరూ చెప్పలేరు.

అందుకే ఈ పరీక్ష. చాలా కుర్చీలలో లీవరు కడ్డీ ఒక ప్లాస్టిక్ క్లిప్పుతోనో చిన్న స్క్రూతోనో నిలిచి ఉంటుంది. కుర్చీని పూర్తిగా పైకి లేపి, ఆ కడ్డీని బయటికి లాగేయండి. నేల నుంచి సీటు అంచు వరకు టేపుతో కొలిచి రాసుకోండి. అరగంట కూర్చుని పని చేసుకుని, మళ్లీ కొలవండి. లీవరు లేనప్పుడు కుర్చీ దిగకపోతే సిలిండరు బాగున్నట్టే. లీవరు లేకున్నా దిగిపోతే సిలిండరు అరిగిపోయినట్టే. ఇంత చిన్న పని మానుకుని దుకాణానికి పరుగెత్తవద్దని ప్రతివారినీ బతిమాలుతున్నాను.

వారం బాగుండి మళ్లీ దిగిపోయే కుర్చీ

ఇక నన్ను నిజంగా దెబ్బతీసిన లోపం సంగతి. కొన్నేళ్ల క్రితం ద్వారకానగర్‌లోని ఒక కార్యాలయంలో ఒక కుర్చీకి సిలిండరు మార్చాను. అరిగినది నిజంగానే అరిగింది, పరీక్షించి మరీ మార్చాను. పది రోజులకు అక్కడి అటెండరు కుర్చీతో సహా వచ్చాడు. "ఏటండీ ఇది, వారం దినాలు బాగుంది, మల్లీ దిగిపోతంది" అన్నాడు. కొత్త సిలిండరే నాసిరకమనుకుని, నా ఖర్చుతో మరొకటి వేశాను. మళ్లీ సరిగ్గా అంతే. మూడోసారి కుర్చీని బోర్లించి, టార్చిలైటు వేసి సీటు కింది మెకానిజం ప్లేటులోకి చూసినప్పుడు, లీవరు రేకు కొనమీద చిటికెన వేలి గోరంత మేర పెయింటు పోయి ఉక్కు వెండిలా మెరుస్తూ కనబడింది. బొడిపె ఆ చోటును ఎడతెగకుండా రుద్దుతోంది.

కారణం ఏమిటంటే, సిలిండరుకూ ప్లేటుకూ మధ్య బోల్టులు ఏవీ ఉండవు. సిలిండరు పైకొన కొంచెం కొంచెంగా సన్నబడుతూ వస్తుంది, ప్లేటులోని రంధ్రం కూడా అదే వాలుతో ఉంటుంది. మనిషి బరువుకు పారకు కామ దిగినట్టు ఒకదానిలో ఒకటి బిగుసుకుంటాయి. ఆ వాలు చాలా స్వల్పం. సుమారు ఇరవై మిల్లీమీటర్ల పొడవుకు వ్యాసంలో ఒక్క మిల్లీమీటరు మాత్రమే తగ్గుతుంది. ఈ లెక్కన రంధ్రం మిల్లీమీటరులో పదో వంతు అరిగి వెడల్పయితే చాలు, సిలిండరు రెండు మిల్లీమీటర్లు అదనంగా పైకి దూరిపోతుంది. బొడిపెకూ రేకుకూ మధ్య ఉండే ఖాళీయే ఒకటి రెండు మిల్లీమీటర్లు. కొత్త సిలిండరు మొదటి రోజునే అంత లోతుకు పోదు, రోజూ కూర్చోగా కూర్చోగా మెల్లగా దిగబడుతుంది. అందుకే వారం పాటు అంతా బాగుంటుంది, ఆ తరువాత బొడిపె రేకును తాకడం మొదలవుతుంది, నిందమాత్రం కొత్త సిలిండరు మీద పడుతుంది.

ఇందులో మరో మెలిక ఉంది. కుర్చీని బోర్లించి చూసినప్పుడు బొడిపెకూ రేకుకూ మధ్య కాగితం ముక్క సులువుగా దూరుతుంది, దాంతో లీవరు తప్పేమీ లేదని మనం నమ్మేస్తాం. కాని పలుచని ప్లేటు మనిషి కూర్చున్నప్పుడు ఆ బరువుకు కొద్దిగా వంగుతుంది, ఆ వంపుతోనే ఖాళీ మూసుకుపోతుంది. కాబట్టి పరీక్ష బరువు ఉన్నప్పుడే చేయాలి. కుర్చీలో ఎప్పుడూ కూర్చునే మనిషినే కూర్చోబెట్టి, లీవరు పిడిని రెండు వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ ఆడించండి. బొడిపెను తాకేలోపు పిడి కాస్త వదులుగా కదలాలి. మనిషి కూర్చోగానే ఆ వదులు పోయి పిడి బిగుసుకుంటే దొంగ దొరికినట్టే. ఎవరైనా కూర్చుని ఉండగా సీటు కిందికి వేళ్లు పెట్టకండి, పిడిని మాత్రమే పట్టుకోండి.

పరిష్కారం ప్లేటును బట్టి ఉంటుంది. కొన్ని మెకానిజాలలో రేకు కొనకు సర్దుబాటు స్క్రూ ఉంటుంది, దాన్ని ఒకటి రెండు చుట్లు వెనక్కి తిప్పితే పని పూర్తవుతుంది. స్క్రూ లేనిచోట రేకును పట్టకారుతో బొడిపెకు దూరంగా కొద్దిగా వంచాలి. ఒక్కసారే ఎక్కువ వంచితే ఆ తరువాత లీవరు లాగినా బొడిపెకు అందదు, కనుక కొంచెం వంచి, మనిషిని కూర్చోబెట్టి చూసి, అవసరమైతే మళ్లీ వంచాలి. రంధ్రం చుట్టూ పగులు కనబడినా, రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి సాగినా ఆ ప్లేటు మీద ఇక ఎవరినీ కూర్చోనివ్వవద్దు. వెల్డింగుతో పూడ్చడం, సందులో రేకు ముక్క చుట్టి బిగించడం నేను చేయను, ఎవరినీ చేయనివ్వను, ఎందుకంటే ఆ అతుకు విడిపోయే సమయానికి దానిమీద ఒక మనిషి ఉంటాడు. సీటుకు బిగించే నాలుగు బోల్టు రంధ్రాల మధ్య దూరాలను నిలువుగానూ అడ్డంగానూ కొలిచి, అదే కొలతల ప్లేటు తెచ్చి మార్చండి.

పాత సిలిండరును ఊడదీయడం

సిలిండరే పోయిందని పరీక్షలో తేలితే, మన ఊరిలో అసలు యుద్ధం దానిని బయటికి తీయడంలోనే ఉంటుంది. బీచ్ రోడ్డు, లాసన్స్ బే కాలనీ, రుషికొండ వైపు నుంచి వచ్చే కుర్చీలలో ఉప్పుగాలికి సిలిండరూ, చక్రాల కాళ్లుండే బేసూ కలిసే చోట తుప్పు పేరుకుని రెండూ ఒకే ఇనుపముద్దలా తయారవుతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కిటికీ అద్దాలు పగలగొట్టినప్పుడు తడిసి, తుడవకుండానే ఆరిపోయిన కుర్చీలు కొన్ని ఎన్నో ఏళ్ల తరువాత నా దగ్గరికి వచ్చాయి, వాటితో పడిన పాట్లు ఇప్పటికీ నాకు గుర్తున్నాయి.

తుప్పు వదిలించే నూనెను రెండు అతుకుల దగ్గరా కొట్టి, కుర్చీని తలకిందులుగా పెట్టి రాత్రంతా వదిలేయండి. ఈ ఓపికే సగం పని చేసిపెడుతుంది. మర్నాడు చక్రాలు తీసేసి, కుర్చీ అలాగే తలకిందులుగా ఉండగా, బేసు మధ్య దిమ్మెను సీటు వైపు నుంచి పైకి, చుట్టూ తిరుగుతూ రబ్బరు సుత్తితో కొట్టండి. నైలాన్ బేసు అయితే కాళ్ల మీద కొట్టకండి, విరుగుతాయి. బేసు వచ్చాక గొట్టాన్ని పైపు రెంచితో పట్టి అటూ ఇటూ తిప్పుతూ లాగితే ప్లేటు నుంచి ఊడివస్తుంది. బేసు అడుగున కనబడే చిన్న క్లిప్పును మొదటే తీసేస్తే లోపలి సిలిండరు మాత్రమే చేతికి వచ్చి, బయటి గొట్టం బేసులోనే ఇరుక్కుపోతుంది, కనుక దాని జోలికి వెళ్లవద్దు.

ఎంత మొండికేసినా గ్యాసు మంటతో సిలిండరును వేడి చేయవద్దు, గ్రైండరుతో కోయవద్దు, డ్రిల్లుతో రంధ్రం వేయవద్దు. కుర్చీని లేపలేనంత నీరసించిన సిలిండరులో కూడా మనిషిని గాయపరిచేంత పీడనం మిగిలి ఉండవచ్చు.

కొత్తది కొనడం, బిగించడం

ఎక్కువ కుర్చీలకు సిలిండరు పైకొన 28 మిల్లీమీటర్లు, కింది గొట్టం 50 మిల్లీమీటర్ల వ్యాసంతో ఉంటాయి, కాబట్టి లావు విషయంలో పెద్దగా చిక్కు రాదు. తేడా వచ్చేది పొడవులో. బయటి గొట్టం పొడవునూ, కుర్చీ ఎంత మేర లేచి దిగుతుందో ఆ దూరాన్నీ కొలుచుకుని వెళ్లండి, లేదా పాతదాన్నే సంచిలో వేసుకుని వెళ్లండి. పొడవైనది తెస్తే పొట్టివారి పాదాలు నేలకు ఆనవు. గొట్టం మీద క్లాస్ 3, క్లాస్ 4 అని ముద్రించి ఉంటుంది. సంఖ్య పెరిగేకొద్దీ అది దృఢమైనదని అర్థం. బరువైన మనిషికి క్లాస్ 4 తీసుకోవడం మంచిదే, కాని లీవరు బొడిపెను నొక్కుతూ ఉంటే ఏ క్లాసు అయినా దిగిపోతుంది.

బిగించే ముందు బేసు రంధ్రాన్నీ ప్లేటు రంధ్రాన్నీ ఎమరీ కాగితంతో తేలికగా రుద్ది, తుప్పు పొడినీ నిన్న కొట్టిన నూనెనూ పొడిగుడ్డతో పూర్తిగా తుడిచేయండి. ఈ అతుకులకు నూనె గాని గ్రీజు గాని రాయకూడదు. పొడి లోహాల రాపిడే వాటిని పట్టి ఉంచుతుంది. బొడిపె మీద రక్షణ టోపీ ఉంటే తీసేయండి. అది మరచిపోయి సీటు పెట్టేసి, కుర్చీ నిలవడం లేదని వాపోయినవారు ఉన్నారు. ప్లాస్టిక్ తొడుగును ముందే ఎక్కించి, సీటును నిదానంగా దించి, గట్టిగా కూర్చోండి. సుత్తి అక్కరలేదు. సీటు ఎత్తును కొలిచి రాసుకుని, పది రోజుల తరువాత లీవరు వదులునూ ఎత్తునూ మరోసారి చూడండి.

మిగిలినవి అరుదు. కుర్చీ అటూ ఇటూ ఊగితే ముందు సీటు బోల్టులు బిగించండి, అప్పటికీ ఊగితే గొట్టం లోపల కడ్డీని ఊగకుండా పట్టే ప్లాస్టిక్ బుష్ అరిగినట్టు, దానికీ మందు సిలిండరు మార్పే. పిస్టను కడ్డీ వంగడం, అడుగు క్లిప్పు విరగడం నేను వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని సార్లే చూశాను.

ఊడదీసిన పాత సిలిండరును పాత ఇనుము కొనేవారికి ఇచ్చేటప్పుడు లోపల పీడనంలో వాయువు ఉన్నదని, కోయవద్దని, కొలిమిలో వేయవద్దని నోటితో చెప్పి ఇవ్వండి. నేనైతే గొట్టం మీద సుద్దముక్కతో పెద్ద అక్షరాలతో "గ్యాసు ఉంది" అని రాసి మరీ ఇస్తాను.