ఏడో తరగతి పిల్లల కథలు ఎలా మెరుగయ్యాయి: నా అనుభవం

బెంగళూరు మారతహళ్లిలో ఆదివారాలు ఏడో తరగతి తెలుగు పిల్లలకు కథలు రాయడం నేర్పుతాను. అందరి కథా ఒకటే: వెళ్లాం, తిన్నాం, వచ్చేశాం. రాయమంటేనే టెన్షన్.

అందుకే పనిని విడగొట్టాను. ముందు నోటితో చెప్పాలి, తర్వాత చిత్తుప్రతి. అక్షరదోషాలు అప్పుడే దిద్దను. ఎర్ర పెన్ను చూస్తే చెయ్యి ఆగిపోతుంది. అసలు మార్పు తిరగరాయడంలోనే వచ్చింది. పక్కవాళ్లు చదివి ప్రశ్నలడగాలి. "టిన్ ఫ్యాక్టరీ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం, రైలు దొరికింది" అని ఒకమ్మాయి రాసింది. "అప్పుడు మీ నాన్నగారు ఏమన్నారు?" అని అడిగారు. ఆ వాక్యం పేజీ అయింది. సంభాషణ వచ్చింది, రైలు అందుతుందో లేదోనన్న భయమూ వచ్చింది! దోషాలు ఆ తర్వాతే దిద్దుకున్నాం, చివర్లో అమ్మానాన్నల ముందు చదివించాం.

తిరగరాతకు మాత్రం ఒక క్లాసు పూర్తిగా కేటాయించండి.