పాత అమెరికా వీధి కార్డుల వయసు కట్టడం – 4: ట్రాము చెప్పే సాక్ష్యం

మూడో పాఠం చివర ఇచ్చిన శాన్‌ఫ్రాన్సిస్కో మార్కెట్ స్ట్రీట్ బొమ్మ పోస్టుకార్డు ఏ ఏటిదని అడిగితే మీలో చాలామంది పంపిన జవాబు 1909. వెనుక ఉత్తరాన్నీ చిరునామానూ విడదీసే నిలువు గీత ఉంది, తపాలా ముద్రలో 1909 అని స్పష్టంగా ఉంది, ఇక చూడవలసింది ఏముంది అనుకున్నారు. కార్డు తిప్పి బొమ్మను చూసినవారు తక్కువ. ఈసారి దుకాణాల బోర్డులు చదవడం నేర్పుతానన్నాను, కానీ ఈ ముడి విప్పకుండా ముందుకు వెళ్తే అదీ వంకరగానే సాగుతుంది. బోర్డులు వచ్చేసారి.

ఆ బొమ్మలో ఉన్నది 1906 ఏప్రిల్ 18 నాటి భూకంపానికి ముందరి వీధి. వీధి చివర రేవు దగ్గరున్న ఫెర్రీ భవనం వైపు చూస్తూ తీసిన ఫొటో అది. కుడివైపు ప్యాలెస్ హోటల్ చూడండి. పై నుంచి కింది దాకా ముందుకు పొడుచుకొచ్చిన కిటికీల వరసలు. ఆ కట్టడం భూకంపం తర్వాత లేచిన మంటల్లో పోయింది. 1909 డిసెంబరులో తెరిచిన కొత్త ప్యాలెస్‌కు అలాంటి కిటికీలు లేవు. వీధి మధ్య నడుస్తున్నవి కేబుల్ కార్లు, అంటే నేల కింద పరుగెత్తే తాడును పట్టుకుని కదిలే బండ్లు. భూకంపం తర్వాత మార్కెట్ స్ట్రీట్‌లో కేబుల్ కార్లను మళ్ళీ నడపలేదు, పైన తీగలు కట్టి విద్యుత్ ట్రాములు తెచ్చారు. అంటే ప్రచురణకర్త దగ్గర పాత ఫొటో ఉంది, దానితోనే కొత్త కార్డు అచ్చువేశాడు, ఎవరో కొని 1909లో పోస్టు చేశారు.

కార్డుల గిరాకీ అలాంటిది. 1908 జూన్‌తో ముగిసిన ఏడాదిలో అమెరికా తపాలా శాఖ చేతుల మీదుగా 67 కోట్లకు పైగా కార్డులు వెళ్ళాయి. అంత అమ్మకం ఉన్నప్పుడు చేతిలో ఉన్న బొమ్మను ఎవరు పారేస్తారు?

కాబట్టి ప్రతి కార్డుకూ మూడు తేదీలు: ఫొటో తీసినది, అచ్చయినది, పోస్టయినది. మీ దగ్గరున్న ఏ ఆధారమైనా ఒక హద్దు మాత్రమే చెబుతుంది. వెనుక నిలువు గీత ఉంటే, అమెరికాలో 1907 మార్చి 1కి ముందు అచ్చయిన కార్డు కాదు. తపాలా ముద్ర చివరి హద్దు, ఆ తర్వాత తీసిన ఫొటో కాదు. ముద్ర చెరిగిపోతే తపాలా బిళ్ళ చూడండి: అప్పట్లో దేశం లోపల మామూలు రేటు 1 సెంటు, 1917 నవంబరు నుంచి 1919 జూన్ దాకా మాత్రం 2 సెంట్లు. 1920ల నడుమ ఇంకోసారి పెరిగి తగ్గింది, మన కార్డులకు దానితో పెద్దగా పనిలేదు.

ఇప్పుడు నన్ను విసిగించే సంగతి. బొమ్మలో తీగలు లేవు కాబట్టి విద్యుత్ ట్రాములు రాకముందుది అని వాదించేవారు ప్రతిసారీ ఉంటారు. లేనిదాన్ని సాక్ష్యంగా నిలబెట్టకండి. ఈ కార్డుల్లో చాలావాటికి మూలం నలుపు తెలుపు ఫొటో. రంగులు తర్వాత అచ్చుపనిలో వేసినవి, చాలావరకు జర్మనీలో. రంగు వేసినవాడు ఆ ఊరు చూసి ఉండనవసరం లేదు. స్తంభాలు, తీగలు అందం చెడగొడుతున్నాయని తుడిచేసేవారు. వీధి బోసిగా ఉందని కారో, జెండానో చేర్చేవారు. పగటి ఫొటోకే ఆకాశం నల్లగా పూసి, చంద్రుణ్ణి పెట్టి, కిటికీల్లో పసుపు అద్ది రాత్రి దృశ్యంగా అమ్మేవారు. చంద్రుడి కింద బండ్ల నీడలు ఎండ నీడల్లా పదునుగా పడి ఉంటే దొంగ దొరికినట్లే. చేర్చిన కారుకు చాలాసార్లు నీడే ఉండదు.

తీగ తుడిచారో లేదో తెలుసుకోవడానికి ట్రాము నెత్తి చూడండి. తీగ నుంచి కరెంటు అందుకోవడానికి పైకి లేచిన కడ్డీ దేనికీ తగలకుండా ఆకాశంలో ఆగిపోతే అక్కడ తీగ ఉండేది. కడ్డీయే లేకపోతే? ఊరు ఏదో చూడండి. న్యూయార్క్‌లోని మన్‌హాటన్‌లోనూ వాషింగ్టన్ నడిబొడ్డునూ పైతీగలు కట్టనివ్వలేదు. అక్కడి విద్యుత్ ట్రాములకు కరెంటు నేల కింది గొట్టం నుంచి అందేది, అందుకే పట్టాల మధ్య సన్నని చీలిక ఉంటుంది. కేబుల్ కారు దారిలోనూ అలాంటి చీలికే ఉంటుంది, కింద పరుగెత్తే తాడును బండి పట్టుకునేది దానిగుండానే. కాబట్టి మన్‌హాటన్‌లోని బ్రాడ్‌వే కార్డులో చీలిక చూసి కేబుల్ కారు అని రాయకండి. అదే చీలిక మార్కెట్ స్ట్రీట్‌లో అయితే కేబుల్ అని ధైర్యంగా రాయండి. ఒకే గుర్తు రెండు ఊళ్ళలో రెండు మాటలు చెబుతుంది, మీరు ఊరు తెలుసుకోకుండా గుర్తులు బట్టీ పడుతున్నారు.

నా క్రమం ఇది: ముందు ట్రాము, తర్వాత ఎత్తైన భవనాలు, చివరన వెనుకవైపు. టోపీలు చూసి ఏడాది చెప్పేవారిని నేను నమ్మను.

భవనాలతో పని సులువు. న్యూయార్క్ దిగువ బ్రాడ్‌వేలో సింగర్ టవర్ ఉండి, ఉండవలసిన చోట వూల్‌వర్త్ భవనం లేకపోతే 1908కి, 1913కి మధ్య. అదే ఊళ్ళో ఫ్లాటైరన్ భవనం ఉంటే 1902కి ముందు కాదు. సియాటిల్‌లో స్మిత్ టవర్ ఉంటే 1914 దగ్గర మొదలుపెట్టండి. ఒక్క జాగ్రత్త: పేరుమోసిన భవనాలకు కట్టడం పూర్తికాకముందే నక్షా చూసి గీసిన కార్డులు వచ్చాయి. భవనం చుట్టూ ఉన్న ఇళ్ళ కన్నా అదొక్కటే నున్నగా, పొగ మరకైనా లేకుండా కనిపిస్తే అనుమానించండి.

అభ్యాసం. డెట్రాయిట్ పబ్లిషింగ్ కంపెనీ కార్డు ఒకటి తీసుకోండి, నాకు ఆ కంపెనీ పనే ఇష్టం. వారి గాజు నెగెటివ్‌లు వేల సంఖ్యలో అమెరికా ప్రభుత్వ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి, తెరపై ఉచితంగా చూడవచ్చు. మీ కార్డుకు మూలమైన నెగెటివ్‌ను వెతికి, రెండూ పక్కపక్కన పెట్టి, తుడిచినవి, చేర్చినవి, రంగు మార్చినవి ఒక్కొక్కటిగా రాయండి. మూలం దొరకకపోతే ఇంకో కార్డు పట్టుకోండి, దొరికేదాకా. తర్వాత కార్డు వెనుకవైపు మూసి, ఫొటోకు రెండు హద్దులూ కారణాలతో రాయండి. కారణం లేకుండా "సుమారు 1910" అని రాసిన జవాబులు ఈసారి చదవను.