బడిలో తోటి పిల్లల్ని ఏడిపించడంపై అవగాహన ఎలా కల్పించాలి?

‘బుల్లీయింగ్ తప్పు’ అని ప్రేయర్‌లో ఉపన్యాసం ఇస్తే పిల్లలు చప్పట్లు కొడతారు. ఇంటర్వెల్‌లో మళ్లీ మామూలే. అందుకే ఉపన్యాసం పక్కన పెట్టండి.

1. ఎక్కడ జరుగుతోందో ముందు తెలుసుకోండి. ‘బడిలో నాకు భయం వేసే చోటు’ అని పేరు లేకుండా చీటీ రాయించండి. అందరూ రాయాలి, ఏమీ లేనివాళ్లు ‘లేదు’ అని రాస్తారు. లేదంటే రాసిందెవరో క్లాసంతా కనిపెట్టేస్తుంది. సాధారణంగా టీచర్లు లేని చోట్లే బయటపడతాయి: బాత్‌రూమ్‌లు, చేతులు కడుక్కునే కుళాయిలు, బస్సులో వెనక సీట్లు. అక్కడ పెద్దవాళ్లు ఒకరు నిలబడితే పది పోస్టర్ల పెట్టు.

2. చూసి నవ్వేవాళ్లతో మాట్లాడండి. అసలు పని ఇక్కడే ఉంది. ‘ఒరేయ్ బోండాం’ అనేవాడు ఒకడే, కిసుక్కున నవ్వేవాళ్లు పదిమంది. ఆ నవ్వు ఆగితే వాడికి ఊపు తగ్గుతుంది. క్లాసులో చిన్న నాటకం వేయించండి, కానీ నిజంగా బాధపడుతున్న పిల్లాడికి ఆ వేషం ఇవ్వకండి. నవ్వకుండా ఉండటం, ‘రారా, ఆడుకుందాం’ అని బాధపడుతున్న పిల్లాణ్ని పక్కకు తీసుకెళ్లడం, తర్వాత టీచర్‌కు చెప్పడం ప్రాక్టీస్ చేయించండి. అలా చెప్పడం చాడీ కాదని టీచరే అనాలి. కులం పేరుతో ఏడిపిస్తే మాత్రం ‘పిల్లల గొడవే’ అని సర్దేయకూడదు.

3. తల్లిదండ్రుల మీటింగ్ సాయంత్రం పెట్టండి, కూలికి వెళ్లేవాళ్లూ వస్తారు. ప్రభుత్వ బడుల్లో విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే కాబట్టి, కబురు వాళ్ల ద్వారా పంపండి. గమనించాల్సినవి చెప్పండి: సోమవారం పొద్దున్నే కడుపునొప్పి, తరచూ పోయే పెన్నులు, ఇంటికి రాగానే బాత్‌రూమ్‌కి పరుగు. ‘నువ్వూ రెండు తగిలించు’ అనే సలహా వద్దు. ఏడిపించేది మీవాడే అయితే కొట్టకండి. దెబ్బలతో వాడు నేర్చుకునేదీ కొట్టడమే.

4. ఫోన్ వేధింపులైతే డిలీట్ చేసే ముందు స్క్రీన్‌షాట్ తీయండి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930.

5. మీరు తల్లిదండ్రులైతే ఫిర్యాదు క్లాస్ టీచర్‌కు, తర్వాత హెడ్‌మాస్టర్‌కు రాసివ్వండి, కాపీ మీ దగ్గర ఉంచుకోండి. బుల్లీయింగ్‌పై కమిటీ వేసుకోవాలని సీబీఎస్‌ఈ 2015లోనే తన బడులకు చెప్పింది. మీ బడి కమిటీలో ఎవరున్నారో అడగండి. బడి పట్టించుకోకపోతే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి పిల్లలైనా పెద్దలైనా ఫోన్ చేయవచ్చు.