స్టాట్‌కామ్‌ను ఖాళీగా ఉంచండి: కొత్త ఏఈలకు

400 కేవీ సబ్‌స్టేషన్లో వోల్టేజి నిలవట్లేదనగానే ‘స్టాట్‌కామ్ పెట్టేద్దాం’ అంటారు. వోల్టేజిని నిలబెట్టే రియాక్టివ్ పవర్‌ను క్షణాల్లో ఇచ్చే, తీసుకునే ఎలక్ట్రానిక్ యంత్రమది. ముందు లాగ్ షీట్లు తీయండి. మన హైదరాబాద్ చుట్టూ ఉన్న మామిడిపల్లి కానివ్వండి, శంకర్‌పల్లి కానివ్వండి, రెండు పూటలు చూడాలి: నగరమంతా ఏసీలు నడిచే ఏప్రిల్ మధ్యాహ్నం, వాన కురిసి లోడు పడిపోయిన అర్ధరాత్రి. గ్రిడ్ కోడ్ ప్రకారం బస్ (సబ్‌స్టేషన్లో లైన్లన్నీ కలిసే కడ్డీ) వోల్టేజి 380, 420 కేవీల మధ్య ఉండాలి.

రాత్రి వోల్టేజి ఎందుకు పెరుగుతుందని చాలామంది అడుగుతారు. ట్విన్ మూస్ లైను (ఫేజుకు రెండు ‘మూస్’ రకం తీగలుండే 400 కేవీ లైను) కిలోమీటరుకు దాదాపు 0.55 ఎంవీఏఆర్ రియాక్టివ్ పవర్ తనే పుట్టిస్తుంది. 200 కిలోమీటర్లకు 110. లోడు లేనప్పుడు దాన్ని తీసుకునేవాళ్లుండరు. ఇది రోజూ మెల్లగా వచ్చిపోయేదే కాబట్టి దాన్ని మింగే కాయిల్, అంటే బస్ రియాక్టర్ సరిపోతుంది.

స్టాట్‌కామ్ సైజు లెక్క తేలికే. ఫాల్ట్ లెవల్ (ఆ చోట గ్రిడ్ ఎంత బలంగా ఉందో చెప్పే లెక్క) 10,000 ఎంవీఏ ఉన్న బస్‌కు 200 ఎంవీఏఆర్ ఇస్తే వోల్టేజి సుమారు 2 శాతం, అంటే 8 కేవీ లేస్తుంది. సైజుకు గరిష్ఠ ఫాల్ట్ లెవల్ తీసుకోండి. కంట్రోలర్ గెయిన్‌ను (వోల్టేజి తేడాకు అది ఎంత గట్టిగా స్పందిస్తుందో) మాత్రం కనిష్ఠం దగ్గర పరీక్షించండి. గ్రిడ్ బలహీనపడ్డప్పుడే అది ఊగిసలాడుతుంది.

ఎస్‌వీసీయా (థైరిస్టర్ స్విచ్‌లతో కెపాసిటర్లు, రియాక్టర్లు నడిపేది), స్టాట్‌కామా? వోల్టేజి 80 శాతానికి పడితే 100 ఎంవీఏఆర్ ఎస్‌వీసీ 64 మాత్రమే ఇస్తుంది, ఎందుకంటే కెపాసిటర్ ఇచ్చేది వోల్టేజి వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి ఉంటుంది. స్టాట్‌కామ్ కరెంటు తగ్గనివ్వదు కాబట్టి 80 ఇస్తుంది. ఫాల్ట్ తర్వాత ఏసీ కంప్రెసర్లు ఆఫ్ కాకుండానే తిరగలేక నిలిచిపోయి రియాక్టివ్ పవర్ గుంజే మన నగరానికి ఈ 16 చాలా విలువైనవి. నా ఓటు స్టాట్‌కామ్‌కే.

ఎస్‌వీసీయే వస్తే కమిషనింగ్‌లో థైరిస్టర్ల ఫైరింగ్ దగ్గరుండి చూడండి. టీసీఆర్ (థైరిస్టర్‌తో నియంత్రించే రియాక్టర్) ఫైరింగ్ కోణం 90 డిగ్రీల దగ్గర పూర్తి కరెంటు తీసుకుంటుంది, 180 దగ్గర సున్నా. మధ్యలో వేవ్ తెగి 5, 7 హార్మోనిక్స్ (50 హెర్ట్జ్‌కు 5, 7 రెట్ల అలలు) వస్తాయి, వాటికి ఫిల్టర్లుండాలి. టీఎస్‌సీ (థైరిస్టర్‌తో స్విచ్ చేసే కెపాసిటర్) ఆన్ అయ్యే క్షణాన్ని రికార్డర్లో పెద్దది చేసి చూడండి: వాల్వ్ (థైరిస్టర్ల వరుస) మీద వోల్టేజి సున్నా దగ్గర ఉండాలి. లేదంటే ఇన్‌రష్ కరెంటు కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

ఏది పెట్టినా స్లోప్‌ను, అంటే పూర్తి అవుట్‌పుట్ దగ్గర వోల్టేజి రెఫరెన్స్ నుంచి ఎంత తప్పొచ్చో చెప్పే సెట్టింగ్‌ను, సున్నా పెట్టకండి. పక్క బస్‌లోనూ ఇలాంటిదే ఉంటే రెండూ ఒకదానికొకటి ఎదురు పనిచేస్తాయి. 3 శాతం పెడితే 400 రెఫరెన్స్‌కు పూర్తి కెపాసిటివ్ అవుట్‌పుట్ దగ్గర వోల్టేజి 388. అంత తేడా ఒప్పుకోవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యమైన సెట్టింగ్ ఇదీ. స్టాట్‌కామ్ అవుట్‌పుట్ కొన్ని నిమిషాలుగా ఒకవైపే ఉండిపోతే, ఆ భారం బ్రేకర్‌తో వేసే రియాక్టర్‌కో కెపాసిటర్ బ్యాంకుకో మారి, స్టాట్‌కామ్ సున్నా దగ్గరికి రావాలి. మధ్యాహ్నం 3 గంటలకే అది నిండిపోయి ఉంటే, 3:05కి లైను ట్రిప్పయితే ఇవ్వడానికి దాని దగ్గర ఏమీ మిగలదు. తీసేసిన కెపాసిటర్ బ్యాంకును డిశ్చార్జ్ కాకుండా మళ్లీ వేయకూడదు, అందుకు మామూలుగా 10 నిమిషాలు పడుతుంది. ఆ 10 నిమిషాలూ బస్‌ను ఆదుకోవాల్సింది స్టాట్‌కామే.