ఈమాక్స్‌లో మెయిల్ వెతికితే దొరకడం లేదా?

కొత్త ల్యాప్‌టాప్‌కి మారిన వారంలోనే ట్యాక్స్ రిటర్న్ కోసం పాత ఇంటి అద్దె రసీదులు కావాల్సి వచ్చాయి. ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో, మెయిళ్లు వెతికిపెట్టే నాట్‌మచ్ తెరిచి ఓనరు పేరుతో వెతికితే ఒక్క మెయిలూ రాలేదు. ఏళ్ల తరబడి దాచుకున్నవన్నీ పోయాయేమోనని బాగా టెన్షన్ పడ్డాను. ఒక్కటీ పోలేదు. మీకూ ఇలాగే అయితే ముందు ఏదీ డిలీట్ చేయకండి.

ఈమాక్స్ తానుగా మెయిల్ వెతకదు. నాట్‌మచ్ ప్రోగ్రాంని పిలుస్తుంది. నాట్‌మచ్ జాపియన్ అనే సెర్చ్ లైబ్రరీతో తయారుచేసుకున్న ఇండెక్స్‌లో (ఏ మాట ఏ మెయిల్‌లో ఉందో రాసుకున్న పట్టికలో) చూసి చెబుతుంది. అసలు మెయిళ్లు మెయిల్‌డిర్ ఫోల్డర్లలో విడివిడి ఫైళ్లుగా ఉంటాయి. అందుకే మొదట టెర్మినల్‌లో ‘నాట్‌మచ్ కౌంట్’ కొట్టండి, ఇండెక్స్‌లో ఎన్ని మెయిళ్లున్నాయో అంకె వస్తుంది. తర్వాత ఈమాక్స్‌లో ఆల్ట్ పట్టుకుని ఆశ్చర్యార్థకం నొక్కి అదే కమాండ్ ఇచ్చి, రెండు ఫలితాలనూ పోల్చండి.

ఈమాక్స్‌కి ప్రోగ్రామే దొరకకపోతే

మ్యాక్‌లో డాక్ నుంచి ఈమాక్స్ తెరిస్తే టెర్మినల్‌లోని పాత్ (ప్రోగ్రాముల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా) దానికి అందదు. ‘ఎగ్జెక్-పాత్-ఫ్రమ్-షెల్’ ప్యాకేజీ వేసుకోండి, లేదా ‘నాట్‌మచ్-కమాండ్’ వేరియబుల్‌లో ప్రోగ్రాం పూర్తి దారి రాయండి.

రెండు చోట్లా వేర్వేరు అంకెలు వస్తే

ఈమాక్స్ నుంచి నడిచే నాట్‌మచ్ వేరే కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైలు చదువుతోందని అనుమానించండి. ‘నాట్‌మచ్_కాన్ఫిగ్’ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని టెర్మినల్ సెట్టింగులుండే షెల్ ఫైల్లో మాత్రమే పెడితే ఇలా అవుతుంది. ఈమాక్స్ సెట్టింగుల్లోనూ పెట్టండి.

అంకె ఒకటే, కానీ పాత మెయిల్ రాకపోతే

నాకు జరిగింది ఇదే. కొత్త మెయిళ్లను ఇండెక్స్‌లో చేర్చే ‘నాట్‌మచ్ న్యూ’ ఎన్నిసార్లు కొట్టినా కొత్త మెయిల్ లేదనే చెప్పింది. పని త్వరగా అవ్వాలని అది ప్రతి ఫోల్డర్‌నూ తెరిచి చూడదు. ఫోల్డర్ చివరిసారి మారిన సమయాన్ని చూసి, అది ముందు చూసినప్పటిలాగే ఉంటే వదిలేస్తుంది. నేను బ్యాకప్ నుంచి ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రాంతో తెచ్చిన ఫోల్డర్లు పాత తేదీలతోనే వచ్చాయి. దాంతో లోపల వేల ఫైళ్లు కొత్తగా చేరినా నాట్‌మచ్ పట్టించుకోలేదు. ‘నాట్‌మచ్ న్యూ’కి ‘ఫుల్-స్కాన్’ ఆప్షన్ జోడిస్తే అన్ని ఫోల్డర్లూ తిరిగి చూస్తుంది. కాస్త ఆలస్యమైనా రసీదులన్నీ వచ్చేశాయి.

అప్పటికీ రాకపోతే ట్యాగులు (మెయిళ్లకు తగిలించే గుర్తులు) చూడండి. ‘డిలీటెడ్’, ‘స్పామ్’ ట్యాగులున్న మెయిళ్లను మామూలుగా ఫలితాల్లో చూపించదు. వెతికేటప్పుడు ‘ట్యాగ్:స్పామ్’ అని మీరే రాస్తే అవి కూడా వస్తాయి.

తెలుగు మాటతో వెతికితే సగమే వస్తే

ఇది పాడైపోవడం కాదు. నాట్‌మచ్ ఇంగ్లిష్ మాటల మూలరూపం పట్టుకోగలదు కాబట్టి ‘రిసీట్’ అని ఇంగ్లిష్‌లో కొడితే దాని బహువచనమూ దొరుకుతుంది. తెలుగు విభక్తులు దానికి తెలియవు. ‘రసీదు’ అంటే ‘రసీదులు’, ‘రసీదును’ రావు. మాట చివర నక్షత్రం గుర్తు పెడితే మూడూ వస్తాయి. ‘ఇల్లు’, ‘ఇంటి’ లాంటి వాటికి అదీ చాలదు. రెండు మాటలూ రాసి మధ్యలో ‘ఆర్’ పెట్టాలి. మన భాషలో మెయిళ్లు రాసుకునేవాళ్లు ఈ అలవాటు చేసుకోవడం తప్పనిసరి.

చదువుతున్న రివిజన్ పోయిందని ఎర్రర్ వస్తే

మీరు వెతుకుతుండగానే వెనకాల ఇండెక్స్ మారింది. మళ్లీ వెతకండి, చాలు.

ఇండెక్సే చెడిపోతే

దాన్ని మళ్లీ కట్టవచ్చు. కానీ మీరు పెట్టిన ట్యాగులు చాలావరకు ఆ ఇండెక్స్‌లోనే ఉంటాయి, మెయిల్ ఫైళ్లలో ఉండవు. కాబట్టి ముందుగా ‘నాట్‌మచ్ డంప్’తో వాటిని ఒక ఫైల్లోకి తీసుకుని, ఆ ఫైలు ఖాళీగా లేదని కళ్లారా చూడండి. తర్వాత ఇండెక్స్ ఉండే జాపియన్ ఫోల్డర్‌ని చెరపకుండా వేరే చోటికి జరిపి, ‘నాట్‌మచ్ న్యూ’ నడపండి. అది పూర్తయ్యాక ‘నాట్‌మచ్ రిస్టోర్’తో ఆ ఫైల్లోని ట్యాగులను తిరిగి తెచ్చుకోండి. కౌంట్ సరిపోయి, ట్యాగులు కనబడ్డాకే పాత ఫోల్డర్‌ని తీసేయండి.