ఇగం పెట్టే పొద్దుల్లో కరెంటు బండి

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో మామూలుగా 12 నుంచి 16 డిగ్రీలుంటుంది. చలిగాలులు గట్టిగా వీస్తే 10 దాకా దిగుతుంది. కరెంటు స్కూటర్‌లోని లిథియం బ్యాటరీకి అసలు ప్రమాదం సున్నా కంటే కింద చార్జింగ్ పెట్టినప్పుడే. అప్పుడు లిథియం లోపలికి ఇంకకుండా ఆనోడ్ (బ్యాటరీ లోపలి నెగెటివ్ పలక) మీద పొరలా పేరుకుంటుంది, ఆ నష్టం మళ్లీ పూడదు. మన దగ్గర అంత చలి రాదు. బ్యాటరీకి దుప్పటి కప్పండి, వెచ్చ చేయండి అనే వీడియోలు మంచు దేశాల వాళ్ల కోసం. మన బ్యాటరీని తినేది మే నెల ఎండ. చలికాలంలో ఇక్కడ చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి: రాత్రి పట్టే మంచు తడి, రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, ఎదురు కనబడని పొగమంచు.

ముందు రేంజి (ఒక్క చార్జింగ్‌తో పోయే దూరం) సంగతి. బ్యాటరీ లోపలి సెల్స్ చల్లబడితే వాటిలో కరెంటుకు అడ్డుపడే నిరోధం పెరుగుతుంది. పొద్దున బయలుదేరితే 5 నుంచి 10 శాతం తగ్గుతుందని లెక్కేసుకోండి. వానాకాలంలో నిజంగా 90 కిలోమీటర్లు ఇచ్చిన బండిని 80 అనుకొని నడపాలి. దెబ్బ కొట్టేది చివరి 20 శాతం. చార్జింగ్ తక్కువున్నప్పుడు యాక్సిలరేటర్ ఒక్కసారిగా తిప్పితే వోల్టేజీ పడిపోయి, మీటర్‌లో ఇంకా అంకె కనబడుతుండగానే బండి నీరసిస్తుంది. కాబట్టి చలి పొద్దుల్లో 20 శాతాన్నే సున్నా అనుకోండి. రేంజి కావాలంటే వేగం తగ్గించడమే మందు: 60లో గాలి మీద పెట్టాల్సిన బలం 45లో కంటే దాదాపు 1.8 రెట్లు.

లెడ్ యాసిడ్ బ్యాటరీల చిన్న బండ్లున్నవాళ్లకు ఈ లెక్క సరిపోదు. వాటికి చలి బాగా తగులుతుంది. 10 డిగ్రీల దగ్గర 15 శాతం దాకా పోవచ్చు. సగం చార్జింగ్‌తో రోజుల తరబడి వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, కాబట్టి రోజూ నిండా ఎక్కించాలి. చార్జర్ మీద పచ్చ లైటు వెలిగాక కూడా ఓ గంట ఉంచితే మంచిది. 60 వోల్టుల బండిలో 12 వోల్టులవి ఐదుంటాయి. నిండా ఎక్కించి, కొన్ని గంటలు ఆగి, మల్టీమీటర్‌తో ఒక్కొక్కటీ చూడండి. బాగున్నది 12.8 దగ్గర చూపిస్తుంది. ఏదైనా ఒకటి మిగతావాటికంటే అర వోల్టు తక్కువుంటే రేంజిని దిగలాగేది అదే. చలి మీద నెపం పెట్టకండి.

చార్జింగ్ ఎప్పుడు పెట్టాలి? ఎండాకాలంలో ఇంటికి రాగానే పెట్టొద్దు, అరగంట చల్లారనివ్వండి అంటాం. చలికాలంలో ఆ మాట తిరగబడుతుంది: బండి ఆపగానే, బ్యాటరీ వెచ్చగా ఉండగానే పెట్టేయొచ్చు. లేదా తెల్లవారి బయలుదేరే గంట ముందు పూర్తయ్యేలా టైమర్ పెట్టుకుంటే సెల్స్ కాస్త వెచ్చగా ఉంటాయి. తీసే బ్యాటరీ అయితే రాత్రి ఇంట్లోకి తెచ్చుకోండి. కానీ పడుకునే గదిలో, మంచం పక్కన చార్జింగ్ వద్దు. కుంపటి దగ్గరైతే అసలే వద్దు.

బండి వాకిట్లో ఉంటే తెల్లారేసరికి సీటు, స్విచ్చులు, చార్జింగ్ పోర్టు తడిసి ఉంటాయి. ఈ తడి పైనుంచి రాలేది కాదు. బండి రాత్రంతా ఖాళీ ఆకాశానికి వేడి వదిలి, చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడుతుంది. ఆ గాలిలోని తేమే దాని మీద నీరవుతుంది. అందుకే పైన ఒక రేకు ఉన్నా, వసారా ఉన్నా చాలు. ప్లాస్టిక్ పరదా నేలదాకా చుట్టేస్తే మట్టిలోని తేమ లోపలే ఆగి ఇంకా ఎక్కువ తడుస్తుంది, కిందినుంచి జానెడు వదలాలి. పోర్టును పొడిగుడ్డతో తుడిచాకే ప్లగ్గు పెట్టండి. పిన్నులు పచ్చగా మారితే తడికి చిలుము పడుతోందని, నల్లగా మారితే అక్కడ వేడెక్కుతోందని అర్థం. కనెక్టర్లకు డైఎలక్ట్రిక్ గ్రీజు (తడి చొరనివ్వని, కరెంటు పారనివ్వని గ్రీజు) సన్నగా పూయించండి. సీటు కింద వెచ్చగా ఉంటుందని ఎలుకలు కూడా చేరతాయి, వారానికోసారి వైర్లు చూసుకోవాలి.

ఇక రోడ్డు. నవంబరు, డిసెంబరులో సగం తారురోడ్డు కల్లమైపోతుంది. వడ్లు టైరు కింద ఇనుప గోళీల్లా దొర్లుతాయి. పెట్రోలు బండి అలవాటుతో అక్కడికొచ్చాక యాక్సిలరేటర్ వదిలేస్తారు చాలామంది. కరెంటు బండిలో వదలగానే రీజెన్ (బండి వేగాన్ని తిరిగి కరెంటుగా మార్చి బ్యాటరీకి పంపే ఏర్పాటు) పట్టుకొని, వెనక చక్రానికి బ్రేకు వేసినట్టే అవుతుంది. వడ్ల మీద, తడి మీద బండి పక్కకు కొడుతుంది. ముందే వేగం 20కి దింపి, వాటి మీద కొంచెం యాక్సిలరేటర్ పట్టుకొనే, నిటారుగా, బ్రేకు ముట్టకుండా దాటండి. రీజెన్ తగ్గించే వీలుంటే ఈ రెండు నెలలు తక్కువలో పెట్టుకోండి. తడి రోడ్డు మీద కదిలేటప్పుడు ఎకో మోడ్ మంచిది, మోటారు బలమంతా ఒక్కసారే దిగదు. కుప్పల అంచున పెట్టే రాళ్లు పొగమంచులో కనబడవు, అదీ గుర్తుంచుకోవాలి.

చిట్యాల, నార్కట్‌పల్లి వైపు 65వ నంబరు జాతీయ రహదారి మీద, సాగర్ ఆయకట్టులో నీళ్లు పెట్టిన మడుల పక్కన పొగమంచు దట్టంగా ఉంటుంది. హై బీమ్ వేస్తే వెలుగు తిరిగి మన కళ్లలోకే కొడుతుంది, లో బీమ్ చాలు. మిర్యాలగూడ మిల్లులకు వడ్లు తీసుకెళ్లే ట్రాక్టర్ ట్రాలీల్లో చాలావాటికి వెనక లైటుండదు, కనబడినంత దూరంలో ఆగగలిగే వేగమే పోవాలి. మన బండికి చప్పుడు లేదు, బర్రెలూ మనుషులూ పక్కకు జరగరు. హారన్ కొట్టండి, వెనక రెండు వేళ్ల వెడల్పు ఎర్ర రిఫ్లెక్టర్ టేపు అంటించండి. శ్రీశైలం వెళ్లేవాళ్లకు మన్ననూరు దగ్గరి అటవీశాఖ గేటు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసే ఉంటుంది, అక్కడి ఎక్కుడు బ్యాటరీని బాగా తాగుతుంది.

ఒంటి సంగతి: 10 డిగ్రీల్లో 50 వేగంతో పోతే ఒంటికి 5, 6 డిగ్రీల్లా తగులుతుంది. కాళ్లకు ఇంజిను వేడి కూడా ఉండదు. స్వెటర్ మీద గాలి చొరని జాకెట్ వేసుకోవాలి. అది లేకపోతే చొక్కాకూ స్వెటర్‌కూ మధ్య నాలుగు మడతల పేపరు పెట్టుకోండి. మందం మంకీ క్యాప్ వేసుకుంటే హెల్మెట్ వదులై ఊగుతుంది, పలుచటి కాటన్‌ది సరిపోతుంది. వైజర్ లోపల గిన్నెల సబ్బు చుక్క రాసి పొడిగుడ్డతో తుడిస్తే ఊపిరికి మసకబారదు. వేళ్లు మొద్దుబారితే బ్రేకు ఆలస్యమవుతుంది, గ్లౌజులు తప్పనిసరి.

టైర్లు చల్లగా ఉన్నప్పుడు, కదలకముందే గాలి చూడండి. 10 డిగ్రీలు తగ్గితే పీడనం 1 నుంచి 1.5 పీఎస్‌ఐ పడుతుంది. మధ్యాహ్నం వేడి టైరులో నింపిన కొలత పొద్దున నిజం కాదు. వీధి చివరి దాకా రెండు బ్రేకులూ మెల్లగా నొక్కుతూ పోతే డిస్కు మీది తడి ఆరిపోతుంది. మెయిన్ బ్యాటరీ నిండుగా ఉన్నా బండి ఆన్ కాకపోతే, కొన్ని మోడళ్లలో విడిగా ఉండే 12 వోల్టుల చిన్న బ్యాటరీని ముందు చూపించండి.